ఆదివారం అప్లికేషన్ల నీలమ్మ

నీలమ్మకు చదువు రాదు. కానీ ఫిల్మ్‌నగర్ల వాళ్ల బస్తీ నుంచి ఏ అప్లికేషన్ ఆఫీసుకు పోవాలన్నా ముందు ఆమె చేతుల పడాల్సిందే. కాయితం పట్టుకుంటది, దూరం పెట్టి చూస్తది, దగ్గర పెట్టి చూస్తది. "గీ డబ్బా ఖాళీ ఎందుకున్నది?" అంటది. నిజంగనే ఆ డబ్బా నింపుడు మర్చిపోయి ఉంటరు. అక్షరం రానోళ్లకు ఖాళీ జాగ బాగ కనబడ్తదని ఆమె లెక్క. చదువుకున్నోళ్లు తాము రాసింది చూసి మురిసిపోయి రాయంది మర్చిపోతరంట.

యాభై మూడేండ్ల మనిషి. జూబ్లీహిల్స్ గుట్ట మీద ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఉన్నది, దాంట్ల ఆయమ్మ. రెండో అంతస్తు ఆమెది. ఊడ్చుడు, తుడుచుడు ఒక్కటే కాదు. ఏ సారుకు చక్కెర లేని చాయ్, ఏ మేడానికి ఏ మేడంతోని మాటల్లేవు, ఏ పిల్ల పొద్దున తినకుండ క్లాసుకు వచ్చింది, అన్నీ ఆమెకు ఎరుకే.

అంతకుముందు పదకొండేండ్లు సినిమాలల్ల చేసింది. చేసింది అంటే, హీరోయిన్ ఎనక నలుగురు ఆడోళ్లు బిందెలు పట్టుకొని పోతుంటరు చూడు, వాళ్లల్ల మూడో ఆమె. జూనియర్ ఆర్టిస్టు. నలభై పెండ్లిళ్లకు పోయింది, ఒక్క పెండ్లిల బువ్వ తినలేదు. ఇస్తరాకు ముందట కూసోబెట్టి "తిన్నట్టు చెయ్" అనెటోళ్లు. ముప్పై మంది పెద్దమనుషులు చచ్చిపోతే ఏడ్చింది, వాళ్లందరు సాయంత్రం లేచి కార్లెక్కి ఇంటికి పోయిన్రు. ఒకసారి కోర్టుల నాలుగు రోజులు కూసున్నది, ఆ కేసు ఏందో ఇప్పటిదాంక తెల్వదు. బస్తీల సగం మందిది అదే పని. "మా గల్లీల ఇంటికో పోలీసు, ఇంటికో పెండ్లి పెద్ద" అని నవ్వుతది.

ఆమె పెనిమిటి హనుమంతు సెట్టింగుల కాడ వడ్రంగం పని చేసెటోడు. ఆయన పోయినంక నీలమ్మ పింఛనుకు పెట్టుకున్నది. మూడుసార్లు పెడితే మూడుసార్లు కాయితం తిరిగొచ్చింది. రాసిపెట్టినోడు ఒకసారి వయసు తప్పు రాసిండు, ఒకసారి ఫోటో తలకిందులు అతికిచ్చిండు, మూడోసారి భర్త పేరు కాడ తన పేరే రాసిండు. "ఉన్నాయన పోయిండని ఏడ్వాల్నా, వీడొకడు కొత్తగ తయారైండని ఏడ్వాల్నా" అని నీలమ్మ ఆ కాయితం మడిచి కొంగుకు ముడేసుకొని యూనివర్సిటీకి పోయింది.

ఆ రోజు రెండో అంతస్తుల ఒక క్లాసురూముల స్ఫూర్తి అనే పిల్ల ఒక్కతే కూసొని ఉన్నది. సూర్యాపేట దిక్కు పిల్ల, ఎమ్మే చదువుతది, హాస్టల్ల ఉంటది. నీలమ్మ చీపురు గోడకు పెట్టి, ముడి ఇప్పి, కాయితం ఆ పిల్ల పుస్తకం మీద పెట్టింది.

"బిడ్డా, ఇంత లావు పుస్తకం చదువుతున్నవ్. ఈ ఒక్క పేజీ రాస్తవా?"

స్ఫూర్తి గంటసేపు కూసొని ఒక్కొక్కటి అడిగి రాసింది. ఈసారి కాయితం తిరిగి రాలేదు, పింఛనే వచ్చింది.

గంతే. ఇగ నీలమ్మ ఆగలేదు. వచ్చే ఆదివారం స్ఫూర్తిని బస్తీకి తోల్కపోయింది. కమ్యూనిటీ హాలు మెట్ల మీద చాప ఏసింది. పది మంది వచ్చిన్రు. ఆ పైవారం స్ఫూర్తి ఇంకో ఇద్దరిని తెచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆరుగురు పిల్లలు, మెట్ల మీద ఆరు చాపలు, ముందట లైను. రేషన్ కార్డుల పేరెక్కిచ్చుడు, పింఛన్లు, బ్యాంకు కాయితాలు, బడి పిల్లల స్కాలర్‌షిప్పులు. రాసుడు పిల్లలది, లైను నీలమ్మది. లైను తప్పితే ఎవర్నీ ఇడిసిపెట్టదు. రాసెటోళ్లను అసలే ఇడిసిపెట్టదు.

"ఏం బాబూ, ఎంబీయే చదువుతున్నవంట. తండ్రి పేరు కాడ తల్లి పేరు రాసినవ్. రేపు కంపెనీ నీ చేతుల పెడితే ఎవరి కొంప ఎవరికి రాసిస్తవ్?"

ఆ పిల్లగాడు తల గోక్కొని కొత్త ఫారం తీసుకుంటడు. మళ్ల ఆదివారం అందరికంటె ముందు వాడే వస్తడు.

అంతా మంచిగనే నడుస్తున్నది. అప్పుడు హాస్టల్ల కొత్త రూలొచ్చింది. ఆదివారం పిల్లలు గుంపుగ బయటికి పోవాలంటే అది యూనివర్సిటీ పని అయ్యుండాలె. "ఈ అప్లికేషన్ల పని మా లిస్టుల లేదు. రేపు ఏమన్నా అయితే ఎవరు జవాబు?" అని ఆఫీసు సారు అన్నడు. ఆయన తప్పేం లేదు, ఆయనకు లిస్టు ఉన్నది, లిస్టుల ఇది లేదు. వచ్చే నెల నుంచి పర్మిషన్ బంద్.

దానికి ఒక్కటే తొవ్వ. ఆ యూనివర్సిటీల ప్రతి ఏడాది సమాజంల కలిసి పనిచేసిన స్టాఫుకు, స్టూడెంట్లకు ఒక అవార్డు ఇస్తరు. అవార్డు వచ్చిన పని లిస్టుల ఎక్కుతది. లిస్టుల ఎక్కితే పర్మిషనూ వస్తది, బస్సూ వస్తది. రాకపోతే చాపలు చుట్టి అటక మీద పెట్టుడే.

స్ఫూర్తి ఆ ఫారం తెచ్చి నీలమ్మ ముందట కూసున్నది. ఇద్దరి పేర్ల మీద పెట్టాలె, స్టాఫు తరఫున నీలమ్మ, స్టూడెంట్ల తరఫున స్ఫూర్తి.

"ఆంటీ, ఇక్కడ అడుగుతున్నరు, మీ వల్ల సమాజంల వచ్చిన మార్పు ఏంది అని. ఐదు వందల మాటలల్ల రాయాలంట."

"లైను వచ్చింది. ముందు లైను లేకుండె."

"అది ఐదు మాటలే ఆంటీ."

"ఐదు వందల మాటలు పట్టే మార్పు నేనేం తెచ్చిన బిడ్డా? పింఛను రానోళ్లకు పింఛను వచ్చింది. పేరు తప్పున్నోళ్లకు పేరు సక్కగైంది. ఇంకేమన్నా కావాల్నంటే నువ్వే కలుపు, నీకు ఇంగ్లీషొస్తది."

స్ఫూర్తి కలిపింది. పది రోజులకు జవాబొచ్చింది. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు కమిటీ బస్తీకి వచ్చి కండ్లార చూస్తది, వీడియో తీసుకుంటది, అవార్డు సంగతి అప్పుడు చెప్తది.

నీలమ్మ చేసిన తప్పు ఒక్కటే. ఈ ముచ్చట భిక్షంకు చెప్పింది.

భిక్షం ఆమె మరిది. జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు. డైరెక్టరుకు రెండు వందల మంది రైతులు కావాలంటే పొద్దుగల్ల ఐదింటికి రెండు వందల మంది రైతులను బస్సులల్ల ఎక్కిస్తడు. దండోరాకు జనం, దొమ్మీకి జనం, ఏది అడిగితే అది. మనసు మంచిది. కానీ నలుగురు నిలబడి ఉంటే చూసి ఊకోలేడు, పొట్టోళ్లను ముందుకు జరుపుతడు.

"వదినె, నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నడు. "కమిటీ నాకొదిలెయ్."

"గల్లీ జర ఊడిపియ్ చాలు. ఇంకేం చెయ్యకు."

"ఇంకేం చెయ్య," అన్నడు భిక్షం. అప్పటికే మనసుల లెక్కలు కడుతున్నడు.

ఆదివారం నీలమ్మ తొమ్మిదిన్నరకు మెట్ల కాడికి పోయేసరికి గల్లీ పెండ్లి సెట్టు లెక్క ఉన్నది. గల్లీ ఊడ్చిన్రు, బాగనే ఉన్నది. కానీ లైను చూస్తే నీలమ్మకు అనుమానమొచ్చింది. లైను మరీ సక్కగున్నది. ముందట పొట్టోళ్లు, ఎనక పొడుగోళ్లు. ఎడమ దిక్కు ముసలోళ్లు, కుడి దిక్కు సంకన పిల్లలున్న తల్లులు. అందరి చీరెలు మాసిపోయి ఉన్నయ్, అందరివీ ఒకే తీరుగ మాసినయ్.

"ఏందిరో ఇది?" అన్నది నీలమ్మ.

"గెటప్ వదినె, లోయర్ మిడిల్ క్లాసు గెటప్," అన్నడు భిక్షం. "ఇరవై మంది మనోళ్లే. ఇంకో పదిహేను మందిని కృష్ణానగర్ నుంచి పిలిపిచ్చిన. నీ మీద గౌరవంతోని ఊరికెనే వచ్చిన్రు."

"మరి నిజంగ అప్లికేషన్లున్నోళ్లేరి?"

"వాళ్లు ఫ్రేముల బాగలేరు వదినె. ఒకడు జీన్సు ప్యాంటు ఏసుకొచ్చిండు. జీన్సు ఏసుకున్నోనికి రేషన్ కార్డేందని అనుకోరా? హాలు ఎనక కూసోబెట్టిన."

నీలమ్మ నోరు తెరిచేలోపల కమిటీ కారు అర్ధగంట ముందుగనే వచ్చి ఆగింది.

కమిటీ అంటే ఇద్దరు. నాగేశ్వరి మేడం పెద్ద ప్రొఫెసరు, రాజమండ్రి దిక్కామె, శ్రీనగర్ కాలనీల ఉంటది. కండ్లద్దాలు ముక్కు చివర పెట్టుకొని ఎవరు చెప్పింది ఎంత నిజమో అద్దాల పైకెళ్లి చూస్తది. ఇంకొకాయన సాయిశ్రీనివాస్ సారు, కొత్తగ చేరిండు, మెడల కెమెరా.

"నమస్కారం నీలమ్మగారూ," అన్నది మేడం. "మీ పని మీరు చేసుకోండి. మేం పక్కన నుంచుని చూస్తాం అంతే."

స్ఫూర్తి, ఐదుగురు పిల్లలు చాపల మీద కూసున్నరు. సాయిశ్రీనివాస్ సారు కెమెరా కంటికి పెట్టుకున్నడు. లైను ఎనక నుంచి ఎవరో అలవాటుగ అన్నరు, "కెమెరా."

గంతే, ఆ గల్లీ గల్లీ పనిల పడ్డది.

జూనియర్ ఆర్టిస్టుకు మొదటి రోజే రెండు ముచ్చట్లు నేర్పిస్తరు. ఒకటి, కెమెరా దిక్కు చూడొద్దు. రెండు, హీరో మాట్లాడుతుంటే ఎనక మీరు మాట్లాడినట్టు పెదవులు కదపాలె గానీ సప్పుడు రావొద్దు. ఇరవై ఏండ్లు గదే చేసినోళ్లకు అది ఒంట్ల పట్టుకపోతది. ముప్పై ఐదు మంది ఒకరితో ఒకరు పెదవులు కదుపుకుంట మాట్లాడుతున్నరు, చేతులు తిప్పుతున్నరు, తలకాయలు ఊపుతున్నరు. సప్పుడు లేదు. ఇద్దరు తల్లులు అటుకెళ్లి ఇటు నడిచిన్రు, ఇద్దరు ఇటుకెళ్లి అటు నడిచిన్రు. మూలకు ఒక పెద్దాయన కూరగాయలు బేరం చేస్తున్నడు, ముందట కూరగాయలు లేవు.

నాగేశ్వరి మేడం అద్దాలు తీసి తుడుచుకొని మళ్ల పెట్టుకున్నది. "నాకు వినబడటం లేదా, లేక..."

"నాకూ వినబడటం లేదు మేడం," అన్నడు సాయిశ్రీనివాస్ సారు. "మైకు బానే ఉంది."

మేడం లైనుల ముందటున్నాయన దగ్గరికి పోయింది. "బాబాయ్, ఈ పిల్లలు మీకేం చేసిపెట్టారు?"

ఆయన కెమెరాను తప్పిచ్చి ఆకాశం దిక్కు చూసిండు. కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నడు. నీళ్లు నిజమే, మంచి ఆర్టిస్టు. "మా బతుకుల్లో వెలుగు నింపారు తల్లీ," అన్నడు.

"సరే, ఏం అప్లికేషను రాశారు?"

ఆయనకు భిక్షం నేర్పిన డైలాగు గంతే. "మా బతుకుల్లో వెలుగు నింపారు తల్లీ," అన్నడు మళ్ల, ఈసారి ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకొని.

మేడం ఎనకున్నామెను అడిగింది. "మీకేం రాశారమ్మా?"

"మా బతుకుల్లో వెలుగు నింపారు తల్లీ," అన్నది ఆమె. మూడో ఆయన అడగకముందే మొదలుపెట్టిండు. "మేడం, నేను కొంచెం ఏడుపు ఎక్కువ చెయ్యాల్నా, గింతే చాలా?"

మేడం మెల్లగ తిరిగింది. భిక్షం చేతులు కట్టుకొని సంతోషంగ నిలబడి ఉన్నడు.

"వీళ్లంతా ఎవరండీ?"

"అందరు కార్డున్నోళ్లే మేడం. ఒక్కడు కూడ కొత్తోడు లేడు."

"ఏం కార్డు?"

"యూనియన్ కార్డు."

స్ఫూర్తి పెన్ను కింద పెట్టింది. ఎంబీయే పిల్లగాడు చాప అంచు దిక్కు చూసుకుంట కూసున్నడు. మేడం సాయిశ్రీనివాస్ సారు దిక్కు చూసి "చాలు, వెళ్దాం" అన్నది. కోపంగ అన్లేదు. కోపంగ అంటెనే బాగుండు. జాలిగ అన్నది. "స్ఫూర్తీ, నువ్విలాంటి పని చేస్తావనుకోలేదమ్మా."

ఆ మాట నీలమ్మ ఇన్నది. మేడం కారెక్కితే ఇగ అయిపోయినట్టే. వచ్చే ఆదివారం నుంచి ఈ మెట్ల మీద కుక్కలు పంటయ్, భర్త పేరు కాడ ఎవడి పేరో రాసెటోడు మళ్ల దుకాణం తెరుస్తడు. ఆమె కారుకు అడ్డం పోయింది.

"మేడం, నిజం చెప్త. గా పిల్ల తప్పేం లేదు. మా మరిదికి జనం సోకు. వీళ్లల్ల సగం మంది అప్లికేషన్లు నిజంగ ఈ పిల్లలే రాసిన్రు. అడిగితే చెప్తరు."

"అడిగాను కదమ్మా. చెప్పలేదే."

"గా కెమెరా డబ్బా చూసి చెప్తలేరు మేడం. కెమెరా ముందట మాకు నోరు రాదు. ఏండ్లకేండ్లు నోరు మూసుకోమని చెప్పిన్రు, మూసుకోవుడే మా పని."

మేడం నమ్మినట్టు లేదు. నీలమ్మ గల్లీ దిక్కు చూసింది. అందరు ఇంకా పెదవులు కదుపుతనే ఉన్నరు, ఎవరూ ఆపమనలేదు గదా. ఆమె రెండు చేతులు నోటి కాడ పెట్టుకొని, డైరెక్టరు పక్కనుండెటోడు ఎట్ల ఒర్లుతడో అట్ల ఒర్లింది.

"ప్యాకప్."

ముప్పై ఐదు గొంతులు ఒక్కసారి వచ్చినయ్. ఎవలో కుండ పగలగొట్టినట్టే. "అబ్బ, నడుము పోయింది." "ఏయ్, నా చెప్పేది?" "నీలమ్మక్కా, ఇప్పుడన్నా నా బ్యాంకు కాయితం రాయిస్తవా?" ఇందాక ఆకాశం దిక్కు చూసినాయన కండ్లు తుడుచుకొని జేబుల నుంచి ఒక ఫారం తీసిండు. "మా కోడలు పేరు రేషన్ కార్డుల ఎక్కలే. గీ పిల్లనే రాయాలె, పోయినసారి గీ పిల్లనే రాసింది, ఎంబడే అయింది," అని స్ఫూర్తి ముందట కూసున్నడు. హాలు ఎనకున్నోళ్లు కూడ ఉరికొచ్చిన్రు, జీన్సు ప్యాంటాయనతో సహా. లైను చెదిరి గుంపయింది.

ఆ గుంపుల నుంచి బుచ్చమ్మ వచ్చింది. బుచ్చమ్మ ఆకుకూరలు అమ్ముతది. డెబ్బై దాటినయ్, ఏ షూటింగుకూ పోలేదు, కమిటీ ముచ్చట ఆమెకు ఎవరూ చెప్పలేదు. ప్రతి ఆదివారం లెక్కనే సంచిల కాయితాలేసుకొని వచ్చింది. ఆరు చాపల కాడా జనమున్నరు. పక్కన ఒక మనిషి ఖాళీగ నిలబడ్డది, భుజం మీది సంచికి పెన్ను ఉన్నది. బుచ్చమ్మకు గంతకంటె ఏం కావాలె?

"ఏం బిడ్డా, కొత్తగొచ్చినవా? నిలబడితే ఎట్ల, కూసో. నా కాయితం రాయి."

"నేను కాదండీ, నేను..." అన్నది నాగేశ్వరి మేడం.

"నువ్వు కాకపోతే పెన్నెందుకు పెట్టుకున్నవ్?"

మేడం పెన్ను దిక్కు చూసుకున్నది. మెట్టు మీద కూసున్నది. ఫారం తీసుకొని పెన్ను తీసి ముత్యాల్లాంటి ఇంగ్లీషు అక్షరాలతోని కలిపి రాసింది. బుచ్చమ్మ వంగి చూసింది.

"ఇదేంది బిడ్డా, అల్లిక పెట్టినవ్? డబ్బాకొక అక్షరం రాయాలె. స్ఫూర్తి పిల్ల అయితే గిట్ల చెయ్యది."

నీలమ్మ ఉరికొచ్చి కాయితం తీసుకున్నది. దూరం పెట్టి చూసింది. "మేడం, ఏమనుకోకుండ్రి. ఇక్కడ మూడు డబ్బాలు ఖాళీగున్నయ్, ఇక్కడ మూడు డబ్బాలల్ల తొమ్మిది అక్షరాలు ఇరికిచ్చిన్రు. ఇది పోతే ఎనక్కొస్తది. ఇంకోటి రాద్దాం."

మేడం ఆమె దిక్కు అద్దాల పైకెళ్లి చూసింది. "మీకు చదువు రాదన్నారు కదమ్మా."

"రాదు మేడం. ఖాళీ వస్తది."

రెండో ఫారం రాసేసరికి మేడం నుదురు మీద చెమట పట్టింది. బుచ్చమ్మ పుట్టిన తేదీ చెప్పమంటే "పెద్ద కరువు వచ్చిన ఏడాది, మిరపతోట కాసినప్పుడు" అన్నది. అది డబ్బాలల్ల ఎట్ల రాయాల్నో ప్రొఫెసరమ్మకు తెలువలేదు. స్ఫూర్తి పక్క చాప నుంచి వంగి, "అవ్వ ఆధార్ కార్డు సంచి అడుగున ఉంటది మేడం, ఆకుకూరల కింద" అని చెప్పింది. కార్డు తడిగ బయటికొచ్చింది.

"నీకెలా తెలుసు?"

"ఏడాదైంది కద మేడం, ప్రతిసారి అక్కడ్నే పెడ్తది."

నాగేశ్వరి మేడం ఆ తడి కార్డును చీరె చెంగుతోని తుడిచింది. బుచ్చమ్మ అయిపోయినంక జీన్సు ప్యాంటాయన కూసున్నడు, ఆయన తరువాత ఇంకొకామె. ఒంటిగంటకు సాయిశ్రీనివాస్ సారు మెడల కెమెరా సంచిల పెట్టుకొని ఫోటోలకు గమ్ము రాస్తున్నడు. భిక్షం మాత్రం ఒక పక్కకు నిలబడి, "వదినె, ఇప్పుడు చూడు, ఎంత నేచురల్‌గ ఉన్నది. నేను అడిగింది గిదే, ఎవడు ఇన్నడు" అన్నడు.

"నువ్వు చాయ్ తెప్పియ్ పో," అన్నది నీలమ్మ.

అవార్డు ఇచ్చిన్రు. యూనివర్సిటీ పెద్ద హాలుల, శనివారం పొద్దున. ఆ ఏడాది నలుగురికి ఇచ్చిన్రు, చెరువు బాగు చేసినోళ్లకొకటి, చెవిటి పిల్లలకు పాఠాలు చెప్పినోళ్లకొకటి, ఇంకొకటి దేనికో నీలమ్మకు సమజ్ కాలేదు గానీ సప్పట్లు కొట్టింది. వీళ్ల పేరు పిలిచినప్పుడు నీలమ్మ, స్ఫూర్తి, మిగతా ఐదుగురు పిల్లలు స్టేజీ ఎక్కిన్రు. ఫోటో తీసెటాయన "అమ్మా, ఇటు చూడండి, ఇటు" అని నాలుగుసార్లు అన్నడు. నోటీసు బోర్డుల ఆ ఫోటో ఇప్పటికీ ఉన్నది. అందరు నవ్వుకుంట ముందుకు చూస్తున్నరు, నీలమ్మ షీల్డు పట్టుకొని పక్క గోడ దిక్కు చూస్తున్నది.

షీల్డు కంటె ఆఫీసు సారు ఇచ్చిన కాయితం ఆమెకు ముఖ్యం. లిస్టుల పేరెక్కింది. ప్రతి ఆదివారం బస్సు, ఆరుగురు కాదు పన్నెండు మంది పిల్లలు, ఒక టీచరు వెంట రావాలె. టీచరు పేరు కాడ నాగేశ్వరి మేడం తన పేరే రాసుకున్నది. నీలమ్మ ఆ కాయితాన్ని కూడ దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసి, ఖాళీ లేదని నిమ్మలమైంది.

కొత్త ఏర్పాటు మొదలైన ఆదివారం జనం ఎక్కువొచ్చిన్రు. మోతీనగర్ నుంచి గూడ వచ్చిన్రు. పదకొండు గంటలకు గల్లీ మొగకు ఒక నల్ల కారు వచ్చి ఆగింది, ఇల్లంత కారు. పిల్లలు ఎవరో హీరో అనుకొని ఉరికిన్రు. అండ్ల నుంచి తెల్ల యూనిఫారం డ్రైవరు కమలాకర్ దిగిండు, జూబ్లీహిల్స్‌ల ఒక నిర్మాత ఇంట్ల పని చేస్తడు. సారును జిమ్ముల దించి వచ్చిండంట. చేతుల వాళ్లమ్మ పింఛను కాయితం, పేరు తప్పు పడ్డది. లైను చూసుకుంట మెట్ల ముందటికొచ్చి, "అక్కా, నాకు గంటే టైమున్నది, జర ముందు చూస్తరా?" అన్నడు.

నీలమ్మ కారు దిక్కు చూసింది, ఆయన దిక్కు చూసింది.

"కారు పక్కకు పెట్టు, బండ్లు పోవాలె," అన్నది. "నువ్వు పోయి గా పచ్చ చీరామె ఎనక నిలబడు. అమ్మ కార్డు తెచ్చినవా, మర్చిపోయినవా?"